అమ్మ గోలీల టైమ్‌టేబుల్: ఏ మందుకి దేంతో పడదో చూసి ఇంట్లోనే రాసుకోవడం ఎలా

మా అమ్మకి థైరాయిడ్ వచ్చి పదేళ్లు దాటింది. డోస్ 50 నుంచి 75, తర్వాత 100, తర్వాత 125 మైక్రోగ్రాముల దాకా పెంచుకుంటూ పోయారు, అయినా టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్త పరీక్షలో చూసే అంకె, మందు సరిపోకపోతే ఎక్కువగా ఉంటుంది) దిగదు, నీరసం తగ్గదు, జుట్టు రాలడం ఆగదు. పోయిన చలికాలంలో నాకు ఒంట్లో బాలేక రెండ్రోజులు ఇంట్లోనే ఉన్నా, పొద్దున ఆరున్నరకి వంటింట్లో కూర్చుని అమ్మని చూస్తున్నా. పరగడుపున థైరాయిడ్ గోలీ వేసుకుంది, అక్కడిదాకా బానే ఉంది. ఐదు నిమిషాలకి చాయ్. చాయ్ గ్లాసు కింద పెట్టకముందే గ్యాస్ గోలీ, కాల్షియం గోలీ, ఐరన్ గోలీ వరసగా. "అన్నీ ఒక్కసారే వేసేసుకుంటే మర్చిపోను కదరా" అంది.

నేను బీఫార్మసీ చదివి జీడిమెట్లలో ఒక ఫార్ములేషన్ ల్యాబ్‌లో చేస్తున్నా, గోలీ ఎన్ని నిమిషాలకి ఎంత కరుగుతుందో కొలవడమే నా రోజువారీ పని. ఆ పొద్దున చాలా బాధేసింది, ఎందుకంటే అమ్మ పదేళ్లలో ఒక్క రోజు కూడా మందు మానలేదు, వేసుకున్న మందు లోపలికి పోకుండా పక్కన గోలీలే అడ్డం పడ్డాయి. అందుకే ఇది రాస్తున్నా, మీ ఇంట్లో అమ్మానాన్నలకో అత్తమామలకో రోజుకి ఐదారు గోలీలు ఉంటే ఒక ఆదివారం గంటన్నర కూర్చుని ఈ పని చేయండి.

ముందు ఒక ముక్క గుర్తుపెట్టుకోండి, మిగతాదంతా దాని మీదే నడుస్తుంది. మందులకి గొడవ రెండు చోట్ల వస్తుంది, ఒకటి కడుపులో పేగుల్లో, రెండోది లివర్లో, రక్తంలో. కడుపులో గొడవైతే టైమ్ గ్యాప్ ఇస్తే చాలావరకు తీరిపోతుంది, అది మనం ఇంట్లో చూసుకోగలం. లివర్లో గొడవైతే ఒకటి పొద్దున ఇంకోటి రాత్రి వేసుకున్నా తీరదు, అక్కడ డాక్టర్ మందన్నా మార్చాలి, డోసన్నా మార్చాలి. ఈ తేడా తెలీకే "గ్యాప్ ఇచ్చా కదా, ఏం కాదులే" అనుకుని చాలామంది దెబ్బతింటారు.

మొదటి పని, ఇంట్లో ఉన్నవన్నీ టేబుల్ మీద పోయండి. డాక్టర్ రాసినవే కాదు, డైజిన్ లాంటి యాంటాసిడ్ సీసా, ఇసబ్గోల్, విటమిన్ డి సాషేలు, అతిమధురం పొడి, ఎవరో ఇచ్చిన మోకాళ్ల నొప్పి గోలీ, అన్నీ. ఒక్కోదాని షీట్ వెనక చిన్న అక్షరాల్లో ఉండే సాల్ట్ పేరు, అంటే లోపల ఉన్న అసలు మందు పేరు, కాగితం మీద రాయండి, బ్రాండ్ పేరు పక్కన పెట్టేయండి. ఇక్కడే సగం తప్పులు బయటపడతాయి. జ్వరం వస్తే డోలో 650 వేసుకుని, ఒళ్లునొప్పులని దాంతోపాటే కాంబిఫ్లామ్ వేసుకునేవాళ్లు ఎంతమందో, రెండిట్లోనూ పారాసిటమాల్ ఉంది, కాంబిఫ్లామ్‌లో 325 మిల్లీగ్రాములు, పైగా ఐబుప్రొఫెన్ 400. పెద్దవాళ్లకి పారాసిటమాల్ రోజుకి 4 గ్రాములు దాటితే లివర్ దెబ్బతింటుంది, తాగే అలవాటో లివర్ జబ్బో ఉంటే అంతకన్నా చాలా తక్కువకే. సాల్ట్ పేరు కనపడకుండా షీట్ కత్తిరించి ఇస్తే మెడికల్ షాప్ అతన్ని మొహమాటం లేకుండా అడగండి, "అన్నా, సాల్ట్ ఏంటి, దీని మీద రాసివ్వు" అని.

రెండో పని, ఒక్కో గోలీ కడుపులో ఎలా కరుగుతుందో తెలుసుకోవడం. కెమిస్ట్రీ ఇక్కడే ఉంది, కానీ వంట చేసేవాళ్లకి ఇది కొత్తేం కాదు. ఉప్పు నీళ్లలో కరుగుతుంది, నూనెలో కరగదు. ఇంగువ నూనెలో పడితేనే దాని వాసనంతా దిగుతుంది. మందుకి వచ్చిన కష్టమేంటంటే రెండూ చేయాలి, కడుపులో ఉన్నది నీళ్లు కాబట్టి ముందు నీళ్లలో కరగాలి, పేగు గోడ పొర కొవ్వుతో చేసింది కాబట్టి దాన్ని దాటడానికి కొవ్వుతో కలిసిపోవాలి. మందు అణువు మీద కరెంట్ ఛార్జ్ ఉంటే నీళ్లలో ఈజీగా కరుగుతుంది కానీ గోడ దాటలేదు, ఛార్జ్ లేకపోతే గోడ దాటుతుంది కానీ కరగడానికి మొరాయిస్తుంది. 1995లో అమెరికాలో ఆమిడన్ అనే ప్రొఫెసర్, ఆయన తోటివాళ్లు కలిసి మందులన్నిటినీ దీన్ని బట్టే నాలుగు గంపల్లో వేశారు: బాగా కరిగి బాగా దాటేవి, కరగవు కానీ దాటేవి, కరుగుతాయి కానీ దాటలేనివి, రెండూ చేతకానివి. మా ల్యాబ్‌లో ఏ గోలీ పని మొదలుపెట్టినా ముందు అడిగేది ఇది ఏ గంప అనే.

ఛార్జ్ ఉంటుందా ఉండదా అనేది చుట్టూ ఎంత పులుపు ఉందన్నదాన్ని బట్టి మారిపోతుంది. పులుపుని కొలిచే అంకె పీహెచ్, అది ఎంత తక్కువైతే అంత పులుపు. ఖాళీ కడుపులో పీహెచ్ ఒకటి నుంచి మూడు మధ్య ఉంటుంది, అంటే నిమ్మరసం కన్నా పులుపు కూడా అవ్వొచ్చు, చిన్నపేగుల్లోకి వెళ్తే ఆరు, ఏడు. ఆస్పిరిన్ లాంటి ఆమ్లం మందులు పులుపులో ఛార్జ్ వదిలేస్తాయి, దాంతో అవి కడుపులోంచే మొత్తం రక్తంలోకి పోతాయని చదువుకున్నవాళ్లు కూడా అనుకుంటారు, అది నిజం కాదు, చిన్నపేగు లోపలి వైశాల్యం కడుపుతో పోలిస్తే ఎంతో ఎక్కువ కాబట్టి దాదాపు ఏ మందైనా ఎక్కువ భాగం అక్కడే పీల్చుకుంటుంది. అందుకే కడుపు ఎంత త్వరగా ఖాళీ అవుతుందన్నది ముఖ్యం. ఫుల్‌గా బిర్యానీ తిన్నాక తలనొప్పి గోలీ వేసుకుంటే అది పనిచేయడానికి లేటయ్యేది అందుకే, కడుపు దాన్ని కిందికి వదలడానికి టైమ్ పడుతుంది, అంతే కానీ గోలీ నకిలీది కాదు, ఆగలేక ఇంకోటి వేసుకోవద్దు.

పులుపు లేకపోతే అసలు కరగని మందులు కొన్ని ఉన్నాయి, వీటి దగ్గర జాగ్రత్త. మన దగ్గర వానాకాలం వచ్చిందంటే తామర ఇంటింటికీ అంటుకుంటుంది, దానికి ఇట్రాకొనజోల్ క్యాప్సూల్ రాస్తారు. ఇది క్షారం లాంటి మందు, కరగాలంటే కడుపులో పులుపు కావాలి. ఇంకోపక్క మనిషి అలవాటుగా పొద్దున్నే పాంటోప్రజోల్ అనే గ్యాస్ గోలీ వేసుకుని ఆ పులుపే ఆపేస్తున్నాడు. మూడు వారాలు డబ్బులు పోసి మందు వాడతాడు, తామర తగ్గదు, మందు పనిచేయట్లేదని ఇంకో క్రీమ్ కొంటాడు. మామూలు ఇట్రాకొనజోల్ క్యాప్సూల్ అయితే కడుపునిండా భోజనం చేశాకే వేసుకోవాలి, గ్యాస్ గోలీ వాడుతున్నానని డాక్టర్‌కి చెప్పాలి. ఎందుకంటే పాంటోప్రజోల్ ప్రభావం రోజంతా ఉంటుంది, రెండు గంటల గ్యాప్ ఇచ్చినా దీనికి సరిపోదు.

పాంటోప్రజోల్‌ది ఇంకో చిత్రం, అది పులుపుని ఆపే మందు కానీ పులుపు తగిలితే అదే పాడైపోతుంది. అందుకే దాని మీద పేగుల్లోకి వెళ్లాకే కరిగే కోటింగ్ వేస్తాం. దాన్ని నలిపి పొడి చేసి ఇస్తే మందు కడుపులోనే పోతుంది. టిఫిన్‌కి అరగంట ముందు వేసుకోమనేది కూడా ఊరికే కాదు, మనం తిన్నప్పుడే కడుపులో యాసిడ్ పంపులు పని మొదలుపెడతాయి, పని చేస్తున్న పంపునే ఈ మందు మూయగలదు. తిన్న రెండు గంటలకి మంటగా ఉందని వేసుకుంటే దాని సగం బలం వృథా.

కాల్షియం గోలీల్లో కూడా చూడండి, షీట్ వెనక కాల్షియం కార్బొనేట్ అని ఉంటే అన్నంతోపాటు, ఎందుకంటే దానికి పులుపు కావాలి, కాల్షియం సిట్రేట్ అని ఉంటే ఎప్పుడైనా పర్లేదు. విటమిన్ డి కొవ్వులో కరిగేది, వారానికోసారి వేసుకునే ఆ 60,000 యూనిట్ల సాషే ఖాళీ కడుపున నీళ్లలో కలుపుకుని తాగేస్తే సరిగ్గా ఒంటపట్టదు, పాలతోనో నెయ్యి వేసుకున్న భోజనం తర్వాతో తీసుకోండి.

మూడో పని, లోహాలు. నన్నడిగితే ఇంట్లో జరిగే తప్పుల్లో అన్నిటికన్నా ఎక్కువ ఇక్కడే. కాల్షియం, ఐరన్, మెగ్నీషియం, అల్యూమినియం, జింక్ ఇవన్నీ కొన్ని మందుల్ని పట్టేసుకుంటాయి. ఒక చేత్తో పట్టుకోవడం కాదు, పీత రెండు డెక్కలతో బిగించినట్టు పట్టుకుంటాయి, కీలేషన్ అనే పేరు కూడా గ్రీకులో పీత డెక్క అనే మాట నుంచే వచ్చింది. అలా బిగుసుకున్న ముద్ద కరగదు, గోడ దాటదు, బాత్రూమ్‌లోకి పోతుంది.

టెట్రాసైక్లిన్ కుటుంబం దీనికి పెద్ద ఉదాహరణ, దీంట్లో మనకి గర్వంగా చెప్పుకునే సంగతి కూడా ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ ల్యాబ్‌లో పరిశోధనకి పెద్దగా ఉన్నప్పుడే అక్కడ బెంజమిన్ డగ్గర్ అరియోమైసిన్ కనిపెట్టారు, ఆ కుటుంబంలో మొదటి మందు అదే, 1948లో బయటికొచ్చింది, సుబ్బారావు గారు పోయింది కూడా ఆ ఏడే. ఆ కుటుంబానిదే ఇప్పుడు మొటిమలకి, చిన్న పురుగు కాటుతో వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరానికి ఇచ్చే డాక్సీసైక్లిన్. ఎనిమిదేళ్లలోపు పిల్లలకి ఈ కుటుంబం మందులు మామూలుగా ఇవ్వకపోవడానికి కారణం కూడా ఈ కాల్షియం పట్టే, పెరిగే పళ్లలో కాల్షియంతో కలిసి కూర్చుని పళ్లు పచ్చబడతాయి.

యూరిన్ ఇన్‌ఫెక్షన్‌కి ఇచ్చే సిప్రోఫ్లాక్సాసిన్‌ది కూడా ఇదే కథ. మనం ఏం చేస్తాం, యాంటీబయోటిక్ వేడి చేస్తుందని గోలీ వేసుకుని వెంటనే గ్లాసుడు మజ్జిగ తాగుతాం, లేదా పెరుగన్నం చివరి ముద్దతో మింగుతాం. ప్రేమతో చేసే పనే, కానీ ఆ పెరుగులో కాల్షియమే మందుని పట్టుకుంటుంది. సిప్రో అయితే కాల్షియం, ఐరన్, యాంటాసిడ్‌లకి రెండు గంటల ముందన్నా వేసుకోవాలి, లేదా అవి వేసుకున్న ఆరు గంటల తర్వాతన్నా. డాక్సీకి రెండు మూడు గంటల దూరం పెట్టండి, పైగా నిండు గ్లాసు నీళ్లతో మింగి అరగంట పడుకోకుండా కూర్చోండి, గొంతులో ఇరుక్కుంటే అక్కడే పుండు చేస్తుంది. పెరుగు మానేయక్కర్లేదు, ఇంకో పూట తినండి.

థైరాయిడ్ గోలీకి, అంటే లీవోథైరాక్సిన్‌కి, కాల్షియం ఐరన్‌లతో నాలుగు గంటల దూరం కావాలి. చాయ్ కాఫీలకీ టిఫిన్‌కీ కనీసం అరగంట, గంట అయితే మంచిది. ఐరన్‌కి మాత్రం చాయే పెద్ద శత్రువు, డికాక్షన్ గంటలు గంటలు మరిగిన ఇరానీ చాయ్‌లో ఉండే ఆ వగరు, అదే టానిన్, ఐరన్‌ని పట్టేస్తుంది. తార్నాకలో ఉన్న ఎన్ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) వాళ్లు 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ కాఫీ వద్దని రాసింది అందుకే. ఐరన్‌కి స్నేహం పులుపుతో, నిమ్మరసంలోనో ఉసిరికాయలోనో ఉండే విటమిన్ సి దాన్ని పేగు తీసుకోగలిగే రూపంలో ఉంచుతుంది. ఐరన్‌నీ కాల్షియంనీ కూడా ఒకే పూట పెట్టకండి. ఇసబ్గోల్ లోహం కాదు కానీ జిగురులా ఉబ్బి పక్కన ఉన్న మందుల్ని చుట్టేస్తుంది, దానికి ముందూ వెనకా రెండు గంటలు ఖాళీ ఉంచండి.

నాలుగో పని లివర్ గొడవలు గుర్తుపట్టడం, ఇక్కడ మనం చేయాల్సింది సర్దడం కాదు, గుర్తుపట్టి అడగడం. లివర్లోనూ పేగు గోడలోనూ సీవైపీ 3ఏ4 అనే ఎంజైమ్ ఉంటుంది, మనం మింగే మందుల్లో చాలావాటిని ముక్కలు చేసి బయటికి పంపేది అదే. దాన్ని ఎవరైనా మూసేస్తే మందు రక్తంలో పేరుకుపోతుంది. 1989లో కెనడాలో డేవిడ్ బెయిలీ వాళ్లు ఫెలోడిపిన్ అనే బీపీ మందుని ఆల్కహాల్‌తో కలిపి పరీక్షిస్తూ, ఆల్కహాల్ రుచి తెలియకూడదని గ్రేప్‌ఫ్రూట్ జ్యూస్ కలిపారు, తీరా చూస్తే రక్తంలో మందు అనుకున్నదానికన్నా ఎన్నో రెట్లు ఉంది, ఆల్కహాల్ వల్ల కాదు, ఆ జ్యూస్ వల్ల. మనకి గ్రేప్‌ఫ్రూట్ పెద్దగా తెలీదు కానీ పంపరపనస తెలుసు, రెండూ దగ్గరి చుట్టాలు, ఆ ఎంజైమ్‌ని మూసే పదార్థాలు పంపరపనసలో కూడా ఉంటాయి. దాని ప్రభావం ఒక రోజు దాటి రెండు మూడు రోజుల దాకా ఉండొచ్చు, కాబట్టి పొద్దున పండు తిని రాత్రి గోలీ వేసుకుంటా అంటే కుదరదు.

కొలెస్ట్రాల్‌కి అటోర్వాస్టాటిన్, సిమ్వాస్టాటిన్ లాంటి స్టాటిన్ గోలీలు వాడేవాళ్లు, డాక్టర్ క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయోటిక్ కానీ ఇందాక చెప్పిన ఇట్రాకొనజోల్ కానీ రాస్తే స్టాటిన్ వాడుతున్న మాట తప్పకుండా చెప్పాలి. ఈ రెండూ అదే ఎంజైమ్‌ని మూస్తాయి, స్టాటిన్ పేరుకుపోయి కండరాలు దెబ్బతింటాయి, తొడలు పిక్కలు విపరీతంగా నొప్పులు, మూత్రం కోలా రంగులో వస్తే ఆలస్యం చేయకుండా హాస్పిటల్‌కి వెళ్లాలి. దీనికి పూర్తి రివర్స్ టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్, అది ఎంజైమ్‌ల సంఖ్యే పెంచేస్తుంది, గర్భం రాకుండా వేసుకునే గోలీలు, రక్తం పలచబడే గోలీలు, ఇంకా చాలా మందులు త్వరగా ఖర్చైపోతాయి. ఆ పెరుగుదల రావడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది, రిఫాంపిసిన్ ఆపేశాక తగ్గడానికి కూడా దాదాపు అంతే, కాబట్టి టీబీ కోర్స్ అయిపోయిన రోజున కూడా మిగతా మందుల డోస్ గురించి మళ్లీ అడగాలి, ఇది చాలామంది మర్చిపోతారు.

గుండె వాల్వ్ మార్చినవాళ్లు రక్తం పలచబడడానికి వేసుకునే వార్ఫరిన్, అసిట్రోమ్ లాంటివి ఉంటే మాత్రం సొంతంగా ఏదీ కలపొద్దు, నొప్పి గోలీ గానీ మెట్రోనిడజోల్ అనే యాంటీబయోటిక్ గానీ. ఆకుకూరల్లో విటమిన్ కె ఈ మందుకి ఎదురు పనిచేస్తుంది, దాంతో భయపడి ఆకుకూరలు మొత్తం మానేసేవాళ్లు ఉన్నారు, అదీ తప్పే, పాలకూర తోటకూర గోంగూర ఎంత తింటారో వారం వారం అంతే తినండి, ఐఎన్ఆర్, అంటే రక్తం ఎంత పలచబడిందో చూపే పరీక్ష అంకె, నిలకడగా ఉంటుంది. ఇంకో రెండు త్వరగా చెప్పేస్తా: గుండె నొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ వాడేవాళ్లు సిల్డెనాఫిల్ (వయాగ్రా) ముట్టుకోకూడదు, బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికొస్తుంది, సిగ్గుపడి దాచకండి. టెల్మిసార్టాన్ అనే బీపీ గోలీ వాడేవాళ్లు సోడియం తక్కువని అమ్మే పొటాషియం ఉప్పు డాక్టర్‌ని అడక్కుండా వాడొద్దు.

ఐదో పని, నలపకూడని గోలీల మీద పెన్‌తో గుర్తు పెట్టండి. పేరు చివర ఎస్ఆర్, ఈఆర్, ఎక్స్ఆర్ అని ఉన్నవి రోజంతా కొంచెం కొంచెంగా వదిలేలా చేసినవి, మింగలేకపోతున్నారని నలిపి ఇస్తే రోజంతటి మందు ఒక్కసారే దిగుతుంది. షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్ ఎస్ఆర్ గోలీ కొన్నిసార్లు మలంలో గోలీ లాగే కనిపిస్తుంది, కంగారు పడకండి, మందు బయటికొచ్చేసి ఖాళీ డొల్ల మాత్రమే మిగిలింది. టెల్మిసార్టాన్ గాలిలో తేమ పీల్చుకుంటుంది, వారం గోలీలు ముందే విప్పి డబ్బాలో పోసే అలవాటుంటే దాన్ని మాత్రం షీట్‌తోనే కత్తిరించి పెట్టండి.

ఇప్పుడు కాగితం. మా అమ్మకి ఇలా రాశా. ఆరింటికి లేవగానే థైరాయిడ్ గోలీ, నిండు గ్లాసు మంచినీళ్లు. ఏడు దాటాకే చాయ్. ఎనిమిదింటికి టిఫిన్, దాంతో బీపీ గోలీ. పదకొండున్నరకి ఐరన్, నిమ్మకాయ నీళ్లతో, ఆ గంటా చాయ్ లేదు. రెండింటికి అన్నం, అన్నంతో కాల్షియం. ఆదివారం భోజనం అయ్యాక డి విటమిన్. గ్యాస్ గోలీ గురించి డాక్టర్‌ని అడిగితే ఎప్పుడో నొప్పి గోలీలు వాడినప్పుడు రాసింది, ఇప్పుడు అక్కర్లేదని ఆపేశారు, అది ఆపడం థైరాయిడ్ గోలీకి కూడా మంచిదైంది, ఎందుకంటే లీవోథైరాక్సిన్ కరగడానికి కూడా కడుపులో పులుపు కావాలి. పొద్దున చాయ్ గంట ఆగడం అమ్మకి మొదటి వారం చాలా కష్టమైంది, ఆ గంటలో మొక్కలకి నీళ్లు పోయడం అలవాటు చేసుకుంది.

టైమింగ్ మార్చే ముందే డాక్టర్‌కి చెప్పండి, ఇది మరీ మరీ చెప్తున్నా. సరిగ్గా ఒంటపట్టని రోజుల్లో పెంచిన డోస్ 125, ఇప్పుడు మొత్తం ఒంటపడితే అదే ఎక్కువైపోతుంది, గుండె దడ, చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం వస్తాయి. ఒంట్లో చేరిన లీవోథైరాక్సిన్ సగానికి తగ్గడానికే వారం పడుతుంది, కాబట్టి మార్చిన పది రోజులకే టెస్ట్ చేయిస్తే తెలిసేదేం లేదు, ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాలి. అమ్మకి ఏడో వారంలో చేయించాం, టీఎస్‌హెచ్ నార్మల్ రేంజ్ కింది గీత దగ్గరికి వచ్చేసింది, అంటే డోస్ ఎక్కువవుతోందని, డాక్టర్ డోస్ 125 నుంచి 88కి తగ్గించారు.

కాగితం రెండు కాపీలు తీయండి, ఒకటి ఫ్రిజ్ మీద, ఒకటి పర్సులో, ఇంకా ఫోన్‌లో ఒక ఫోటో. పళ్ల డాక్టర్ దగ్గరికెళ్లినా, కంటి ఆపరేషన్‌కి వెళ్లినా, కొత్త మందు ఎవరు రాసినా ముందు అది చూపించి రెండే ప్రశ్నలు అడగండి: "వీటిల్లో దేంతోనైనా పడదా? గ్యాప్ ఇస్తే సరిపోతుందా, మందే మార్చాలా?" మొన్న పక్కింటి పిన్నిగారు మా ఫ్రిజ్ మీద కాగితం చూసి తన గోలీలన్నీ ఒక క్యారీబ్యాగ్‌లో వేసుకుని వచ్చారు, పదకొండు షీట్లు, రాత్రి ఇసబ్గోల్ తాగి వెంటనే షుగర్ గోలీ, స్టాటిన్ వేసుకుంటున్నారట. ఈ ఆదివారం ఆవిడ కాగితం రాయాలి.